శ్రావణంలో చద్దరు కప్పుకున్న కోడి

ఆ రోజుల్లో నాకు తెలిసినవి రెండే: భయపడటం, భయపడుతూనే ఎదురు మాట్లాడటం. నేతవాళ్ల వాడ నీలం నగర్‌కు కాపురానికొచ్చి మూడేళ్లు, పాపకు ఏడాదిన్నర. జ్వరం తగ్గి పది రోజులైనా ముద్ద మింగడం లేదు. నూనె, కారం లేకుండా మెత్తటి కోడిమాంసం పెట్టమన్నాడు డాక్టరు. చిక్కల్లా, అది శ్రావణం. అత్తమ్మ పొయ్యికి పసుపు రాసి, "ఈ నెల దీని మీద నీసు ఎక్కిందంటే ఈ ఇంట్ల నేను మంచినీళ్లు సుత ముట్ట" అనేసింది. "సరే అత్తమ్మా, పొయ్యి జోలికే పోను" అన్నాను. (చదివిన బి.ఎ. అంతా ఆ ఒక్క మాటకే ఖర్చయింది.)

ఒక వారపత్రికలో జపాన్ వంట చూశాను. సన్నగా కోసిన కోడిమాంసం మీద మరిగే నీళ్లు పోసి మూత బిగిస్తే దానంతటదే ఉడుకుతుందట. ఖీరా ముక్కలు, నువ్వుల పొడి, నిమ్మరసం కలుపుకోవడమే. మరిగే నీళ్లకు వాకిట్లో స్నానాలకు నీళ్లు కాచే రాగి బంబు ఉంది. చెక్కముక్కలు, మగ్గాల కింది తుక్కు నూలు వేసి నీళ్లు కుతకుతలాడేదాకా మంట పెట్టాను. స్టీలు డబ్బాలో మాంసం, నీళ్లు, మూత. వేడి పోకుండా మా మగ్గం మీద నేసిన చద్దర్లు రెండు చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అత్తమ్మతో బీడీలు చుడుతున్న పక్కింటి పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఏందే, కోడిని పొదుగుతున్నవా? పిల్లలు లేస్తే నాకొకటియ్యి!"

"జపాన్‌ల అందరు ఇట్లనే చేస్తరు పెద్దమ్మా."

"పొయ్యిలు లేవా పాపం, బిచారోళ్లకు?"

అత్తమ్మ నవ్వలేదు. "కచ్చాగ ఉంటే? మల్ల పోరిని ఎత్తుకొని దవాఖానకు ఎవలు ఉరుకాలె?"

నా భయమూ అదే. ఒప్పుకుంటానా?

గంటకు డబ్బా తెరిచాను. ముక్కలు చీల్చి చూశాను. ఎర్రదనం లేదు, మాంసం పోగులు పోగులుగా విడిపోతోంది. ముందు నేను తిన్నాను. తర్వాత పాప నోట్లో ఒక్క పోగు పెట్టాను. ఉమ్మలేదు. నమిలింది. మళ్లీ నోరు తెరిచింది.

అత్తమ్మ చేతిలో ఆకు ఆగింది. "ఎన్ని దినాలు పెట్టాల్నట?"

"పదిహేను." (డాక్టరు చెప్పింది వారమే.)

"రేపటి సంది నా స్నానమైనంకనే బంబు ముట్టు" అని మళ్లీ ఆకు అందుకుంది.

గెలిచానని వాడంతా చాటుకున్నాను. ఆ గంటసేపూ 'పచ్చిగా ఉంటే?' అని నేనూ అనుకుంటూనే ఉన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాప ఇప్పుడు బడికి పోతోంది. అది తుమ్మితే నాకు ఇప్పటికీ నిద్ర ఉండదు. జపాన్ ఎటువైపుందో తెలియకుండానే జపాన్ వాళ్లందరి తరఫునా అంత గట్టిగా జవాబిచ్చిన అప్పటి నన్ను, ఆ పిల్లను, ఒక్కసారి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.