ఎస్టీడీ బూత్‌లో బతికిన పిల్ల

మొన్న పలాస బజార్లో ఒక కొట్టు గోడ మీద వెలిసిపోయిన ఎస్టీడీ అక్షరాలు చూసి ఆగిపోయాను.

నా చిన్నప్పుడు మా ఊళ్లో పేరున్న నవలా రచయిత ఒకాయన ఉండేవారు. మేం తాతా అనేవాళ్లం. సినిమాలకీ మాటలు రాసేవారు. ఒక పొద్దున బూత్‌లో ఫోను పట్టుకుని, తన నవలని సినిమాగా తీస్తున్న నిర్మాతతో, "నవల్లో ఆ పిల్ల జబ్బు చేసి చచ్చిపోతుంది కదండీ... సరే, మీరన్నట్టే బతికించేస్తాను," అన్నారు.

బూత్ నడిపే అత్త నవ్వింది. "తాత ఫోన్లోనే పేనాలు పోసెత్తన్నారు, సూడే గుంటా!"

నేను నవ్వలేదు. కిడ్నీలు పాడై అమ్మ మంచం మీదుంది. మా ఉద్దానంలో ఆ మంచం ఎక్కినవాళ్లు దిగడం నేను చూడలేదు. తాత బయటికి రాగానే పంచె పట్టుకున్నాను.

"తాతా, మా అమ్మని కూడా బతికించీవా? నువ్వు సెప్పు, నేను రాత్తాను. నాన్న ఇంట్లో అచ్చరాలు నేర్పినాడు."

ఆయన అక్కడే గొంతుక్కూచున్నారు. "అది ఉత్త కాయితమమ్మా. నిజం మనుషుల్ని బతికించడం నాకు సేతకాదు. ఎల్లి అమ్మ దగ్గర కూకో."

ఆయన మీద కోపంతో ఏడుస్తూ వెళ్లి అమ్మ పక్కన కూచున్నాను. జీడిపిక్కల జిడ్డుకి నల్లబడిన వేళ్లతో నా తల నిమిరింది. ఆ రోజు నుంచి ఆటలకి వెళ్లలేదు. ఇరవై రోజులే దొరికాయి.

తరువాత టెక్కలిలో ఆ సినిమా చూశాం. ఆ పిల్ల లేచి కూచుంటే హాలంతా చప్పట్లు. నాన్న తల దించుకున్నాడు.

"రాస్తానులే" అని తాత ఒక్క మాట అనుంటే, ఆ ఇరవై రోజులూ ఆయన అరుగు మీదే గడిపేసేదాన్ని. అందుకే అమ్మకి దీపం పెట్టినప్పుడల్లా ఆయనకీ ఒక దండం పెడతాను.