తప్పుల మాస్టారు

తప్పుల మాస్టారు బోర్డు మీద లెక్క మొదలుపెట్టారంటే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లాల్సిందే. మనిషి బంగారం. కెమిస్ట్రీలో ఆయనకు తెలియనిది లేదు. కానీ చేతికి సుద్దముక్క ఇస్తే చాలు, ఆయన లెక్కలో కప్పులో కాఫీ చల్లారడం మానేసి సలసలా కాగేది, మూలన పెట్టిన మందు తరిగే బదులు సీసాలోంచి పెరిగి పొర్లేది. ఎవరో ఒకరు, అక్కడ మైనస్ ఉండాలి సార్ అనేవారు. ఆయన సుద్ద చేత్తోనే నెత్తి బాదుకుని, మిగతా పాఠమంతా నెరిసిన జుట్టుతో చెప్పేవారు.

క్లాసంతా పడిపడి నవ్వేది, చివరి బెంచీ అమ్మాయి తప్ప. లెక్కలంటే హడలిపోయి, వాటికి దూరంగా పారిపోదామనే పాపం కెమిస్ట్రీలో చేరిందా పిల్ల. అందులో రంగులూ వాసనలే కదే, లెక్కలెక్కడివి అని వాళ్ళక్క భరోసా ఇచ్చింది. అక్క చదివింది చరిత్ర. మొదటి వారంలోనే బోర్డు మీద ఇంటిగ్రేషన్ ప్రత్యక్షమయ్యేసరికి పిల్ల వెళ్ళి చివరి బెంచీలో నక్కింది. ల్యాబులో మాత్రం ఆ చెయ్యి చూడాలి! ద్రావణం బొట్టుబొట్టుగా కలుపుతూ, సరిగ్గా రంగు మారే బొట్టు దగ్గర ఠక్కున ఆగేది. అది వదులుకోవడానికి ప్రాణం ఒప్పక, అయినా గత్యంతరం లేక, స్టాఫ్ రూముకి వెళ్ళి కోర్సు మారిపోతానని హెడ్డు మేడంతో అనేసింది. నెలాఖరు దాకా ఆలోచించుకుని చెప్పమన్నారావిడ. పక్క బల్ల దగ్గర మాస్టారు టీ తాగుతూ ఏమీ విననట్టే కూర్చున్నారు.

మర్నాడు ఆయన ఎనిమిదిలో సగం ఆరని రాశారు. ముందు బెంచీల వాళ్ళు పోయిన మైనస్ కోసం వెతుకుతున్నారు. నాలుగు కదా సార్ అన్న గొంతు తనదేనని ఆ పిల్లకు కాసేపటికి గానీ తెలియలేదు. మాస్టారు బతికించావమ్మా అని పొంగిపోయారు. తర్వాతి రోజు తప్పు కాస్త లోపలికి దూరింది, ఆ తర్వాత ఇంకాస్త. ఈయన్ని ఇలా వదిలేస్తే కొంప మునుగుతుందని, ఆ పిల్ల ముందురోజే పాఠమంతా ఇంట్లో చేసుకుని రావడం మొదలుపెట్టింది. అన్నం దగ్గర కూడా పుస్తకమే. జీతం ఆయనకీ చాకిరీ నీకూనా అని అక్క వెక్కిరించింది.

"ఏం చెయ్యనే, ఆయనకు నేను తప్ప దిక్కు లేదు" అంది చెల్లెలు.

నెలాఖరున హెడ్డు మేడం స్వయంగా వచ్చి క్లాసులో కూర్చున్నారు. మాస్టారి తప్పుల సంగతి ఆవిడ చెవిన పడిందట. ఆ పిల్లకు తన కోర్సు ఊసే గుర్తులేదు. ఈ అమాయకపు మాస్టారు ఇవాళ ఏం రాసి ఉద్యోగం మీదికి తెచ్చుకుంటారోనని, ప్రతి లైనూ కాపలా కాసింది. మాస్టారు ఈ చివరి నుంచి ఆ చివరికి బోర్డు నింపారు. జవాబు అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. క్లాసు నోరెళ్ళబెట్టింది.

ఇంతకీ కెమిస్ట్రీ పిల్లలకు లెక్కలు ఎంతవరకు కావాలంటారని అడిగారు మేడం.

"నా తప్పు పట్టుకునేంత వరకు" అన్నారు మాస్టారు.

ఆవిడ నవ్వి, వెళ్తూ వెళ్తూ చివరి బెంచీ దగ్గర ఆగి, ఏం తేల్చుకున్నావమ్మా అన్నారు.

"ఉంటాను మేడం" అంది ఆ పిల్ల. నేను వెళ్ళిపోతే ఈయన్నెవరు చూసుకుంటారు అన్న మాట గొంతులోనే దిగమింగింది.

అందరూ వెళ్ళాక బోర్డు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సార్, మేడం ముందు బాగుండదని చెప్పలేదు. మూడో లైనులో గుర్తు తారుమారైంది. ఏడో లైనులో మళ్ళీ అయింది. రెండూ కలిసి సరిపోయాయి."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందికి చదివారు. మొహం పాలిపోయింది.

"అమ్మాయ్, ఒట్టు. ఇది మాత్రం నేను కావాలని చేసింది కాదు."

నోరు జారాక గానీ ఏం ఒప్పేసుకున్నారో ఆయనకు తెలియలేదు. ఆ పిల్ల మొదట బిత్తరపోయింది. ఎనిమిదిలో సగం ఆరైన రోజు నుంచీ ఆయన నెత్తి బాదుకున్నది ఎవరి కోసమో అర్థమయ్యాక, నవ్వు ఆపుకుంటూ సుద్దముక్క అందుకుని రెండు గుర్తులూ తనే దిద్దింది.