పొద్దున ఏం తిన్నారు?

ప్రేమకుమారిని చెంప మీద కొట్టింది నేనే. బెంగళూరు చిక్కపేట బజారు సగం చూసింది కాబట్టి దాచడానికేం లేదు.

ఆమె అంబులెన్సులో పనిచేసే సిస్టరు. బండి వెనక రోగి పక్కన కూర్చునే మనిషి. కోలారు బంగారు గనుల దగ్గర పుట్టింది. తొంభై మూడులో, ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు, గనిలో బండ పడి తండ్రి తొడ నలిగిపోయింది. తోటివాళ్ళు ఆయన్ని లారీలో వేసుకుని, ఎక్కడా ఆపకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అంత వేగంగా ఎవరినీ చేర్చలేదని ఊరంతా మెచ్చుకుంది. దారిలో రక్తం కారే చోట గట్టిగా ఒక గుడ్డ కట్టాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఆసుపత్రికి చేరింది శవం. తరువాత ఆమె నర్సింగు చదివింది, బెంగళూరులో ఒక నర్సింగ్ హోములో ఎనిమిదేళ్ళు చేసింది, ఆపైన అంబులెన్సు ఎక్కింది. ఇదంతా ఆమె బండి డ్రైవరు రియాజ్ నాకు తరువాత చెప్పాడు. ముందే తెలిసినా ఆ రోజు నా చెయ్యి ఆగేది కాదు. నా సంగతి నాకు తెలుసు.

మాది చీరల హోల్‌సేల్ అంగడి. మా నాన్న పెద్దమునియప్పకు రెండు నియమాలుండేవి. ఒకటి, రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూది. రెండోది శ్రావణ శనివారం ఒక్కపొద్దు. నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని, ఐదిళ్ళ బియ్యం అడిగి తెచ్చి, సాయంత్రం అవి వండి స్వామికి పెట్టేదాకా ఏమీ ముట్టడు. సూది మానితే డాక్టరు తిడతాడు, ఒక్కపొద్దు మానితే వెంకటరమణస్వామి ఊరుకోడు. అందుకని ఆయన ఇద్దరి మాటా తప్పలేదు. రెండు వేల తొమ్మిదిలో శ్రావణం మొదటి శనివారం, సూది వేసుకుని, ఖాళీ కడుపుతో వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

పదకొండింటికి గిరాకీల మీద అరవడం మొదలుపెట్టాడు. చీరల కట్ట ఒకటి విసిరికొట్టాడు. అంగీ చెమటతో తడిసి ముద్దయింది. ఆయన కోపం మాకు కొత్త కాదు, ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి గుడ్లు తేలేసి పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. అంతే, వీధంతా డాక్టర్లే. ఒకడు చేతిలో తాళాలగుత్తి పెట్టాడు, ఒకడు ఉల్లిపాయ చితక్కొట్టి తెచ్చాడు. నేను నోట్లో సోడా పోశాను.

అంబులెన్సు తోపుడుబండ్ల మధ్య వీధి మొదట్లోనే ఇరుక్కుపోయింది. సంచి భుజాన వేసుకుని ఆమె నడిచి వచ్చింది. పొట్టి మనిషి, కళ్ళజోడు, మెడలో చిన్న సిలువ. వచ్చీ రాగానే నాన్నను పక్కకు తిప్పింది. నోట్లోంచి సోడా బయటికి కారింది. గుడ్డతో నోరు తుడిచి, ఊపిరి చూసింది.

"కొంచెం జరగండప్పా, గాలి రానీండి. పెద్దాయన పొద్దున ఏం తిన్నారు?"

నాకు ఒళ్ళు మండింది. "మనిషి సచ్చిపోతా ఉండాడు, నీకు తిండి సంగతి కావల్నా? ఎత్తి బండిలో వెయ్!"

"ఏమన్నా మందులు వాడతారా?"

"షుగర్ ఉండాదమ్మా," అని మా అమ్మ నాగమ్మ ఏడుస్తూ చెప్పింది. "పొద్దున్నే సూది ఏసుకున్నాడు."

"తిన్నారా, లేదా?"

అమ్మ నా మొహం చూసింది. ఒక్కపొద్దు సంగతి ఆ సిలువ మనిషికి చెప్పడం నాకిష్టం లేదు. "తిన్నాడు," అన్నాను.

ఆమె నా మాట నమ్మలేదు. నాన్న వేలు పొడిచి, ఒక బొట్టు రక్తం చిన్న మిషనుకు పెట్టింది. షుగరు ఇరవై ఆరు అని చూపించింది. డెబ్బైకి తగ్గకూడదని నాకు తరువాత తెలిసింది. ఫోనులో డాక్టరుకు రెండు మాటలు చెప్పి, నాన్న చేతికి పట్టీ బిగించి నరం వెతకసాగింది. వెనక జనం కేకలు. "ఏం సిస్టరూ, ఈడే ఆపరేషన్ చేస్తావా?" "బండి తెప్పించమ్మా, నీ నాటకాలు చాలు!" ఆమె సూది గుచ్చింది, పెద్ద సిరంజి తగిలించింది.

"ఏందది?"

"గ్లూకోజు సార్."

చక్కెర జబ్బు మనిషికి చక్కెర నీళ్ళా! నా చెయ్యి లేచింది. చెంప ఛెళ్ళుమంది. ఆమె కళ్ళజోడు ఎగిరి చీరల కట్ట మీద పడింది. నాన్న చేతిని పట్టుకున్న ఆమె బొటనవేలు మాత్రం ఇంత కూడా జరగలేదు. దాని కిందే సూది ఉంది.

"రెండు నిమిషాలు ఆగండప్పా," అంది తలెత్తకుండానే. "ఈ మందు పూర్తిగా పోనీండి. ఆ తరువాత కొడుదురు."

మెల్లగా ఎక్కించింది. సిరంజి ఖాళీ అయిన కాసేపటికి నాన్న కళ్ళు తెరిచాడు. అందరినీ చూశాడు. అంగీ తడుముకున్నాడు.

"సోడా ఎవడు పోసినాడప్పా? అంగీ అంతా తడిపేసినాడు!"

జనం నవ్వారు. నన్ను చూసి నవ్వారు. ఆమె కళ్ళజోడు తీసుకుని, చక్కెర వేసిన పాలు రెండు గ్లాసులు నాన్నతో తాగించింది. "ఈ మందు కాసేపే పెద్దాయనా. మళ్ళీ పడిపోతారు. ఆసుపత్రికి రండి. సూది వేసుకుని పస్తుండకూడదు. ఒక్కపొద్దు ఉండాలంటే సూది సంగతి ముందే డాక్టరును అడగండి."

నాన్న తలాడించాడు. నేనే అడ్డుపడ్డాను. "మా దేవుని సంగతి నీకెందుకు? నీ పని అయింది, పో."

ఆ సాయంత్రమే ఫిర్యాదు రాశాను. పన్నెండు నిమిషాలు వృథా చేసిందని రాశాను. మా దేవుణ్ణి కించపరిచిందని కూడా రాశాను. అది పచ్చి అబద్ధం. వీధి మొత్తం నన్ను చూసి నవ్వింది కదా, ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవాలి.

పది రోజులకు వాళ్ళ ఆఫీసులో విచారణ. ఆమె రాసిచ్చిన కాగితంలో టైములూ అంకెలూ తప్ప ఏమీ లేవు. చెంపదెబ్బ మాటే లేదు. "మీ ఫిర్యాదు మీద నిలబడతారా?" అని అధికారి అడిగాడు. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. నిలబడతానన్నాను. ఆమెను ఊరి బయట జిగణి బండికి మార్చారు.

మెట్ల దగ్గర రియాజ్ నన్ను పట్టుకుని ఆమె కథంతా చెప్పింది అప్పుడే. "'కేసు పెట్టు సిస్టర్' అన్నాను సార్. 'స్టేషన్లో కూర్చుంటే ఆ పూట బండి ఎవరెక్కుతారు రియాజ్' అంటుంది. ఎవర్ని కొట్టినావో తెలుసునా నీకు?"

డ్రైవరుకు నాతో ఏం మాటలని కారెక్కాను.

శ్రావణం చివరి శనివారం నాన్న మళ్ళీ సూది వేసుకుని పస్తున్నాడు. అమ్మ డాక్టరును అడుగుదామంది. ఆ సిలువది చెప్పిన మాటలా వినేదని నేనే కసిరాను. మధ్యాహ్నం ఇంట్లో పడిపోయాడు. ఈసారి బండిలో వచ్చిన సొన్నప్ప అనే అతనికి నా పేరు, నా ఫిర్యాదు తెలుసు. ఒక్క ప్రశ్న అడగలేదు. వేలు పొడవలేదు. ఎత్తాడు, బండిలో వేశాడు, తలుపు మూశాడు. ట్రాఫిక్‌లో నలభై ఐదు నిమిషాలు. ఆసుపత్రి దగ్గర దిగి, అతని రెండు చేతులూ పట్టుకుని థ్యాంక్స్ చెప్పాను.

లోపల డాక్టరు మొదట అడిగిన మాట, "పొద్దున ఏం తిన్నాడు?"

నాన్న బతికాడు. అంతసేపు చక్కెర అందక మెదడు దెబ్బతిందన్నారు. అమ్మ చెంచాతో పెడితే మింగుతాడు. నా పేరు తెలియదు. సోడా పోసినందుకు తిట్టిన మనిషి ఇప్పుడు తిట్టడు కూడా.

మరుసటి ఏడు జిగణి వెళ్ళాను. ఫ్యాక్టరీల రోడ్డు పక్కన బండి ఆపుకుని ఆమె సంచి సర్దుకుంటోంది. నన్ను గుర్తుపట్టింది. క్షమించమని అడగడానికి దారి పొడుగునా మాటలు కూర్చుకుని వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది.

"పెద్దాయన ఎట్లుండారు సార్? టైముకు తింటా ఉండారా?"

"బాగుండాడు," అన్నాను. "టైముకు తింటాడు."

ఆమె నవ్వింది. ఈసారి నా మాట నమ్మింది.