జోతా!

ఆ రోజుల్లో పొగడ్త అంటే జీతం తీసుకున్నందుకు తిరిగి చెల్లించేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. రియాద్‌లో ఓ కొరియా ఇంజనీరు ఇంట్లో ఏసీలు చూసే పని నాది. సారు వాళ్ల దేశపు పాత కథాగానం పాడేవాడు, మేడమ్ డోలు కొట్టేది. పాట మనసుకు తాకితే డోలు కొట్టేవాళ్లు “జోతా!” అనాలి, అంటే భేష్ అని. మొదటి రోజు నాకది హిందీ ‘జూతా’లా వినిపించి, గుమ్మం బయటున్న సారు బూట్లు తెచ్చి ఆయన ముందు చాప మీద పెట్టాను. (వాళ్లింట్లోకి చెప్పులు రావడం మహాపచారం.) మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వింది. సారు నవ్వలేదు.

తర్వాత నెలల తరబడి ఆమె నోట ఆ మాట రాలేదు. గొంతులో పస లేదని ఆమె, చెవుల్లో పస లేదని ఆయన. మాటలు బందయ్యాయి, పాట మాత్రం రోజూ సాగేది. చివరికి సారు నన్ను కూర్చోబెట్టి, వచ్చీరాని హిందీలో “తుమ్ బోలో” అన్నాడు. ఇంకేం, పాదం పాదానికీ జోతా! ఆయన దగ్గినా జోతా!

“ఏందిర, పాట సమజ్ గాకుండనే భేష్ అంటవా?” అన్నాడు మా రూములోని జగిత్యాల అన్న.

“జీతమిచ్చెటోడు పాడంగ మనకు సమజెందుకే అన్నా?”

(పెద్ద మేనేజర్ల ముందు ఆఫీసువాళ్లు చేసేదీ అదే. నాకు టై లేదంతే.)

ఇంతలో గల్ఫ్ యుద్ధమొచ్చింది. కంపెనీ కుటుంబాలను స్వదేశానికి పంపేందుకు బస్సు పెట్టింది. మాటల్లేకుండానే వెళ్లిపోతే మేడమ్ మళ్లీ వస్తుందో రాదోనని సారుకు భయం, బతిమాలడానికి అహం అడ్డం. బస్సు దగ్గర నిలబడి పాట ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. విషవాయువు భయానికి ఆఫీసర్లకు గ్యాస్ మాస్కులు, మాకు తడి తువ్వాళ్లు (ప్రాణాలకూ గ్రేడ్లుంటాయి). నేను తువ్వాలు నోటికి కట్టుకున్నాను. సారు మాస్కు ముట్టుకోలేదు. గొంతు చీలి, పాటో ఏడుపో తెలియకుండా పోయింది. మొదటిసారి మనస్ఫూర్తిగా అరిచాను. తువ్వాల్లోంచి “మ్మ్” అని మాత్రమే వచ్చింది. అప్పుడు బస్సు మెట్టు మీంచి వినిపించింది: “జోతా!”

మేడమ్ ఆ ఒక్క మాటా అని ఎక్కి వెళ్లిపోయింది. సారు ఏడుస్తూనే నవ్వాడు. యుద్ధం ముగిశాక ఆమె తిరిగొచ్చింది; వచ్చిన వారంలోనే తాళం దగ్గర మళ్లీ కొట్లాట. నన్ను మాత్రం ఇక ఎవరూ కూర్చోబెట్టలేదు.

ఇప్పుడు మా ఇంట్లో వంట నాదే. పిల్లలు ఏది పెట్టినా సూపర్ అంటారు, అది నా చెవికెక్కదు. మా ఆవిడ ఇన్నేళ్లలో ఒక్కసారి, “ఇయ్యాల కూర మంచిగైంది” అన్నది. అది పక్కింటివాళ్లు పంపిన కూర. ఆ సంగతి చెప్పడానికి నాకింకా మనసు రావడం లేదు.