పదకొండు రేకులు

ఎనిమిదేళ్ళుగా నేను ఒకచోట కుదురుగా కూర్చోలేదు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. టిఫిన్ బండి నడిపేదానికి కూర్చునే తీరిక ఎక్కడిది అంటారు. అది కాదు. పని అంతా అయిపోయాక కూడా కూర్చోలేను. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతాను. మడిచిన బట్టలు విప్పి మళ్ళీ మడుస్తాను. లోపల ఒక అబద్ధం ఉంది. కాస్త ఆగితే చాలు, అది పైకి వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. ఆమె పేరు కూడా మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

మాది బోనకల్ వైపు. కౌలు సేద్యంలో దెబ్బతిని భద్రాచలం వచ్చాం. మా ఆయన సారపాక కాగితం మిల్లుకు వెళ్ళి లారీల మీది కర్ర దించే కూలిపని చేసేవారు. నేను బస్టాండుకు కాస్త దూరంలో ఇడ్లీ, పూరీ బండి పెట్టాను. విస్తళ్ళ కోసం ఒకామెను మాట్లాడుకున్నాను. ఆమెను జోగమ్మ అందాం. అడవి ఊరామె. వారానికొకసారి అడ్డాకుల విస్తళ్ళ కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేది. వయసులో నాకంటే పెద్దది. అయినా నన్ను అక్కా అనేది.

డబ్బు చేతిలో పెడితే అందులోంచి ఇరవయ్యో యాభయ్యో తీసి నాకే తిరిగి ఇచ్చేది. దాచిపెట్టమని. మొదటిసారి నేను నవ్వాను. మీ ఇంట్లోనే దాచుకోవచ్చు కదా అన్నాను.

"ఇంట్ల ఉంటే చేతికి అందుతయి అక్కా. ఎవరికన్న జ్వరమొస్తే తీస్త. నీకాడుంటే అందవు," అంది.

బ్యాంకు మాట కూడా ఎత్తాను. బ్యాంకుకు పోతే ఒక రోజు కూలి పోతుందని, ఇరవై రూపాయలకు ఆ వరసలో ఎవరు నిలబడతారని అడిగింది. నిజమే అనిపించింది. ఆమె డబ్బు కోసం ఒక రేకు డబ్బా వేరే పెట్టాను.

ఆమెది గడ్డి కప్పిన ఇల్లు. దానిమీద ఇనుప రేకులు వేయించాలని ఆమె కోరిక. పద్దెనిమిది రేకులు కావాలి. అందుకే డబ్బు ఎంతైందని ఎప్పుడూ అడిగేది కాదు. "ఇప్పటికి ఎన్ని రేకులైనయి?" అని అడిగేది. చదువు రాదు. పది రూపాయలకో చింతగింజ చొప్పున ఇంట్లో ఒక సొరకాయ బుర్రలో వేసుకునేది. నేను చెప్పిన లెక్కా, ఆమె గింజల లెక్కా ఎప్పుడూ తప్పలేదు. మూడు రేకులు. ఐదు రేకులు. రెండేళ్ళు దాటేసరికి పదకొండు అయ్యాయి. ఆ రోజు ఆమె బండి దగ్గర నిలబడి వేళ్ళు మడుస్తూ మిగతా ఏడూ లెక్కపెట్టుకోవడం నాకింకా కనిపిస్తుంది.

నేను కూడా దాచుకుంటున్నాను అప్పట్లో. రోజుకు కొంత పక్కన పెట్టి, బంగారం షాపులో నెలనెలా కట్టే స్కీములో చేరాను. పదకొండు నెలలు ఆగకుండా కడితే పన్నెండో నెలది షాపు వాళ్ళే వేస్తారు. నాకు చెవులకు మంచి కమ్మలు కావాలి. పెళ్ళిలో పెట్టినవి సేద్యం అప్పులకు పోయాయి. చుట్టాల ఇళ్ళలో శుభకార్యాలకు వెళ్ళినప్పుడు చెంగు చెవుల మీదికి లాక్కునేదాన్ని. తొమ్మిది నెలలు కట్టాను. తర్వాత మా ఆయనకు పని దొరకలేదు. మిగిలిన రెండు నెలలూ కట్టకపోతే షాపు వాళ్ళ వాటా పోతుంది.

జోగమ్మ డబ్బా తెరిచాను.

పిల్లాడి జ్వరానికి తీశాననో, తిండికి లేక తీశాననో చెప్పగలిగితే ఎంత బాగుండేది. కమ్మల కోసం తీశాను. ఒక నెలకు తీశాను. మళ్ళీ నెలకు తీశాను. తరుగు, మజూరీ అంటే మిగిలింది కూడా తీశాను. తీసిన ప్రతిసారీ తిరిగి పెడతాననే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? ఇప్పుడు ఎంత వెనక్కి వెళ్ళి చూసుకున్నా తేలడం లేదు. పెడతాననుకుంటే తీయడం తేలికవుతుంది కాబట్టి అలా అనుకున్నానేమో.

కమ్మలు చెవులకు పెట్టుకున్న నెలకే గోదావరి వచ్చింది.

ప్రతి ఏడూ వస్తుంది. ఆ ఏడు ఎక్కువగా వచ్చింది. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడే మా కాలనీ వాళ్ళను ఖాళీ చేయించి ఒక బడిలో ఉంచారు. బట్టలు, బియ్యం, పిల్లలు, స్టవ్వు అన్నీ తెచ్చుకున్నాం. ఆ డబ్బా కూడా తెచ్చాను. ఖాళీ డబ్బా. ఎందుకు తెచ్చానో తెలియదు. సంచిలో అడుగున పెట్టాను.

నీళ్ళు తీసిన మూడో రోజు జోగమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ ఆ బడికి వచ్చింది. బస్సులు ఇంకా సరిగా తిరగడం లేదు. చాలా దూరం నడిచే వచ్చింది. చేతిలో జొన్నల మూట. వరండాలో నన్ను చూడగానే మూట కింద పెట్టింది.

"పిల్లలు మంచిగున్నరా అక్కా?"

"ఉన్నారు."

"బావ?"

"ఉన్నాడు. బండి మాత్రం బురదలో కూరుకుపోయింది."

"బండి కడుగుతే వస్తది తియ్," అంది.

ఆమె డబ్బు ఊసే ఎత్తలేదు. నేనే అన్నాను.

"నీ డబ్బులు పోయినయి జోగమ్మా. డబ్బా నీళ్ళల్లో కొట్టుకుపోయింది."

ఆమె తలెత్తి నన్ను చూసింది. నా చెవుల వైపు చూస్తుందేమోనని చెంగు లాక్కున్నాను. చూడలేదు.

"అన్నీనా?"

"అన్నీ."

"పోతే పోనీ. నువ్వు పోలే గదా," అంది. నా భుజం మీద చెయ్యి వేసింది. "గోదారి తీస్కపోతే ఎవర్ని అడుగుతం? ఇంటికి పోయి గింజలు పారవోస్త. మళ్ళ మొదటి సంది పెడ్దం."

నేను ఏడ్చాను. నా కోసమే ఏడుస్తున్నానని ఆమెకు తెలియదు. తన డబ్బు కాపాడలేకపోయానని ఏడుస్తున్నాననుకుని నన్ను ఊరుకోబెట్టింది. ఆ జొన్నలు మేం నాలుగు రోజులు తిన్నాం.

రెండు వారాలకు బండి మళ్ళీ పెట్టాను. ఆమె విస్తళ్ళు తెచ్చింది. డబ్బు తీసుకుని, అందులోంచి ఇరవై రూపాయలు నాకు తిరిగి ఇచ్చింది. నేను తీసుకున్నాను. ఆ అబద్ధం కంటే, ఆ ఇరవై రూపాయలకు చెయ్యి చాపడమే పెద్ద తప్పని చాలాసార్లు అనిపిస్తుంది. అబద్ధం భయంలో నోటికొచ్చింది. చెయ్యి మాత్రం నేను చూస్తుండగానే వెళ్ళింది.

గుట్టుగా తీర్చేద్దామనుకున్నాను. ఆమె ఇరవై ఇస్తే యాభై వేసేదాన్ని. నాలుగు నెలలకు ఎన్ని రేకులైనయని అడిగితే రెండు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. గింజల ప్రకారం ఒకటి కూడా కాలేదంది.

"నీ పైసలు కలిసినట్టున్నయి. మంచిగ చూస్కో అక్కా. నీది నాకెందుకు?"

నా డబ్బు నేను బయటికి తీసుకునేదాకా కదల్లేదు. నిజం చెప్పకుండా తీర్చే దారి లేదని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా చెప్పలేదు.

మరుసటి వానాకాలంలో మూడు వారాలు ఆమె రాలేదు. విస్తళ్ళకు ఇబ్బందై నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆటో దిగి చాలాసేపు నడవాలి. వాన పడుతోంది. గడ్డి కప్పు మీద నీలం పట్టా కప్పి రాళ్ళు పెట్టారు. లోపల నాలుగు చోట్ల గిన్నెలు. కుట్టిన విస్తళ్ళు తడికి నల్లబడి ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి, అమ్ముకోవడానికి పనికిరాకుండా. జోగమ్మ తల్లి నులక మంచం మీద కూర్చుని ఉంది. ఇంట్లోనే గొడుగు పట్టుకుని. నన్ను చూసి పక్కకు జరిగి, గొడుగు కిందికి రమ్మని సైగ చేసింది.

వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఇప్పుడు చెప్పు, ఇప్పుడే చెప్పు అనుకుంటూనే ఉన్నాను. జోగమ్మ టీ పెట్టి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ ఏడు, ఆ తర్వాతి ఏడు, రెండు వానాకాలాలు వాళ్ళు అలాగే గడిపారు. రేకులు పడేనాటికి తల్లి లేదు. వయసైపోయి పోయింది, తడిసి పోలేదు అని నాకు నేను చెప్పుకుంటాను. ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

ఆ కమ్మలు ఎక్కువ రోజులు పెట్టుకోలేదు. అమ్మేశాను. ఆమెకు రావలసినంత వేరే కట్ట కట్టి బీరువాలో పెట్టాను. మా ఆయన అడిగితే చీటీ డబ్బు అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు. జోగమ్మ మాత్రం వస్తూనే ఉంది. రేకులయ్యాక సోలార్ దీపానికి దాచింది. తర్వాత మేకపిల్లకు దాచింది.

పోయిన నెల తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కొత్త పెళ్ళికూతురు. పిడికిట్లో ఇరవై రూపాయల నోటు నలిపి పట్టుకుంది. జోగమ్మ ఆ పిల్లను ముందుకు తోసి అంది:

"ఈ అక్కకాడ పెట్టు. గోదారి తప్ప ఎవరు ముట్టరు."

ఆ పిల్ల నోటు చాపింది. నా చెయ్యి లేవలేదు. బండి మీద పూరీ మాడుతోంది. స్టవ్వు ఆపేశాను.

"గోదారి ముట్టలేదు జోగమ్మా," అన్నాను. "నేనే తీసుకున్న. కమ్మలు చేయించుకున్న."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. మూడోసారి ఆమె చెప్పనివ్వలేదు.

"డబ్బా నీళ్ళల్ల పోలేదా?"

"పోలేదు. అప్పటికే ఖాళీ."

కోడలు నన్నూ, అత్తనూ మార్చి మార్చి చూసింది. నేను ఇంటికి పరుగెత్తి బీరువాలోని కట్ట తెచ్చి, ఆమె ఇప్పటి డబ్బుతో కలిపి ముందు పెట్టాను. జోగమ్మ రెండూ తీసుకుంది. కొంగున ముడి వేసుకుంది. తిట్టలేదు. అంటుందని ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్న మాటలేవీ అనలేదు.

"పైసలు ఇచ్చినవ్, సరే," అంది. "ఆ రెండు వానకాలాలు ఎట్లిస్తవ్?"

అక్కా అనలేదు.

కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు విస్తళ్ళు రోడ్డుకు అవతల ఇంకో బండికి వేస్తోంది. నిన్న కూడా చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. కట్ట దించి, డబ్బు తీసుకుని, బస్సెక్కింది. నేను కాగితం ప్లేట్లు కొంటున్నాను.

ఆమె అడిగినదానికి జవాబు ఇది మీకు రాస్తే దొరుకుతుందని అనుకోలేదు. క్షమించమని ఆమెను అడగలేదు, మిమ్మల్నీ అడగను. జోగమ్మ ఎందుకు రావడం లేదో మా ఆయనకు ఇంకా సగమే తెలుసు. ఈ కాగితాలు ముందు ఆయనకే ఇస్తాను. తర్వాత ఏమవుతుందో తెలియదు. మధ్యాహ్నం బండి కట్టేశాక రాయడం మొదలుపెట్టాను, ఇప్పుడు ఎండ గోడ దిగింది. ఇంతసేపూ నేను కూర్చునే ఉన్నాను.