జెర్రిపోతు వాటా గుడ్డు

గద్వాలలో మాది చేనేత ఇల్లు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు అలవాటు కానిది ఒక్కటే, మగ్గం గుంతలో ఉండే జెర్రిపోతు పాము. దానికి విషం లేదని, పట్టు కొరికే ఎలుకల్ని పడుతుందని అత్తమ్మ దాన్ని సాకింది. రోజూ పొద్దున్నే గుంత అంచున ఒక కోడిగుడ్డు పెట్టేది.

ఒకరోజు చూస్తే అది చచ్చి పడి ఉంది. ఒంటిమీద గాయం లేదు, ఎందుకు చచ్చిందో అర్థం కాలేదు. అత్తమ్మకు తెలిస్తే ఇంట్లో చావైందని మూడు రోజులు మగ్గం ఆపేస్తుంది. పెళ్లివారి చీరేమో ఇంకా సగంలోనే ఉంది.

"జర నోరు మూసుకో, చీర మగ్గం దిగినంక చెప్తం" అన్నాడు మా ఆయన. ఇద్దరం ఇంటి వెనక పాతిపెట్టాం.

మరి గుడ్డు మిగిలితే అనుమానం రాదూ? అందుకని రోజూ నేనే తీసి, అత్తమ్మ అటు వెళ్లగానే ఉల్లిగడ్డ వేసి ఆమ్లెట్ చేసుకుని తినేశాను. నిజం చెప్పొద్దూ, దుఃఖం కొంత తగ్గింది.

చీర దిగిన రోజు అత్తమ్మ పిలిచింది.

"ఏమే, మన పాము వారానికి ఒక్క గుడ్డు తింటుండె. ముట్టనియి నేనే తీస్తుంటి. గిప్పుడు రోజుకొకటి మాయమైతుంది. దానికి ఉల్లిగడ్డ ఆమ్లెట్ ఎవరు నేర్పిండ్రు?"

ఇక దాచలేక అడిగాను. "తెలిసి కూడా ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా?"

"ఇంటెనక కొత్త మన్ను చూసి ఏడ్చిన. నువ్వు ఎన్ని రోజులు తింటవో చూద్దామని పెట్టుకుంట నవ్వుకున్న."

ఆ పూటే మగ్గం ఆగింది, సరిగ్గా మూడు రోజులు. పాము ఎందుకు చచ్చిందో ఇప్పటికీ తెలియదు. గుంత అంచున గుడ్డు మాత్రం రోజూ ఉంటోంది. పక్కనే ఒక ఉల్లిగడ్డ కూడా.