అన్న పేరనుకున్న అక్షరం

మా పక్కింటి బాబాయి పోయాడు. మంగళవారం పొద్దున కంది చేలో పడిపోయాడని కబురొచ్చేసరికి నేను బళ్లో పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఏడుపు రాలేదు. పోయినవాళ్లను తలుచుకుని తలుచుకుని అలిసిపోయాను. అయినా ఆయన గురించి మీకు నాలుగు మాటలు చెప్పాలి.

ఆయనా మా అన్నా కలిసి పటాలంలో చేరారు, కలిసే జపాను వాళ్లకు చిక్కారు. యుద్ధం అయ్యాక గురజాలలో రైలు దిగింది బాబాయి ఒక్కడే. అన్న వస్తువంటూ చిన్న చెక్కబిళ్ల తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. దానిమీద నల్లగా జపాను అక్షరం ఒకటుంది. అది అన్న పేరే అనుకుంది అమ్మ. బైబిల్లో దాచుకుని, రోజూ ప్రార్థనకు ముందు కళ్లకద్దుకునేది. బాబాయి అవునూ అనలేదు, కాదూ అనలేదు.

పగటిపూట ఆయన కూర్చోగా ఎవరూ చూడలేదు. ఆదివారం ఆరాధనలోనూ గుమ్మం దగ్గర నిలబడేవాడు. "కాళ్లకు చక్రాలున్నాయా ఏంది మరిదీ?" అని అమ్మ ఎగతాళి చేసేది. "కూర్చుంటే తుప్పు పట్టుద్ది వదినా" అనేవాడు.

నిరుడు ఎండాకాలం, ఆ అక్షరం నేర్పమని పట్టుబట్టాను. అన్న పేరు రాయడం నాకూ రావాలి కదా. మా దొడ్లో పుల్లతో మట్టిమీద గీశాడు. ఎడమపక్క రెండు గీతలు. "ఈడు మనిషి." కుడిపక్క నాలుగు. "ఇది చెట్టు. పనిచేసి చేసి చెట్టుకు ఆనుకున్నాడు. సెలవని అర్థం. విడిగా యసుమి అంటారు, ఇంకో మాటతో కలిస్తే క్యూ అంటారు."

"ఒక్క అక్షరానికి రెండు పలుకులేంది బాబాయ్?"

"నిన్ను ఇంట్లో చిట్టీ అని, బళ్లో టీచరమ్మా అని పిలవరా? అంతే."

నవ్వాను. ఆ తర్వాతగానీ తట్టలేదు. "అయితే ఇది అన్న పేరు కాదా?"

"కాదమ్మా. జరమొచ్చినోళ్ల మెడలో ఏసే బిళ్ల. ఇదుంటే ఆ రోజు పన్లేదు. మీ అన్నకిచ్చారు. నాకూ జరమే, నాకు దొరకలా. తీసి నా మెడలో ఏసి, నా మట్టితట్ట ఎత్తుకుని పోయాడు. సాయంత్రానికి ఆణ్ణి మోసుకొచ్చారు."

నేనేమంటానో అని అలాగే నిలబడ్డాడు. ఆయన బతికొచ్చినందుకు కోపమొచ్చింది. అన్న మంచితనం మీద అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. ఎండ నెత్తిమీదికెక్కింది. ఎంతసేపని కోపంగా ఉండగలను? ఆ మాట ఇన్నాళ్లూ ఒక్కడే మోశాడు, పాపం.

"కూర్చో బాబాయ్" అన్నాను.

కూలబడ్డాడు. గోడకు చేరగిలి, నోరు తెరుచుకుని, పట్టపగలు నిద్రపోయాడు. అమ్మ బయటికొచ్చింది. ఆమెకు ఈ సంగతి తెలియదు, ఈనాటికీ నేను చెప్పలేదు. "ఏమే, మనిషి ఎండలో పడుంటే చూస్తా ఉన్నావే!" అని నన్ను కసిరి, కొంగు పరిచి ఆయన మొహానికి నీడ పట్టింది. చేతులు మార్చుకుంటూ, ఆయన లేచేదాకా అలాగే నిలబడింది.